మోసుకొచ్చే నలుగురు

డిమెన్షియాతో మతి తప్పుతున్న మన పెద్దల కోసం పగటిపూట ఆశ్రయం ఒకటి ఎమ్మిగనూరులో పెడదామనుకున్నాం. గది కోసం, వంట కోసం ప్రార్థించాం. దారి సంగతే మరిచాం.

మొన్న నందవరం నుంచి ఒక అవ్వను తీసుకెళ్లబోతే బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. షేర్ ఆటోలో తెలియని ముఖాలు చూసి ఏడ్చేసింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే. మెట్టు ఎత్తు మాత్రం తగ్గలేదు.

మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చారు. గుంపు అడ్డమైతే ఇంటికప్పు విప్పారు.

అందుకే మన ఊరి మందిరంలోనే మొదలుపెడదాం. గుమ్మానికి ర్యాంపు కట్టిద్దాం. రోజూ అదే ఆటో, అదే తోడు మనిషి. పొద్దుగూకితే వారి కలవరం పెరుగుతుంది గనుక వెలుతురుండగానే ఇల్లు చేర్చుదాం.

మోయడానికి నలుగురు కావాలి. మీరొకరు అవుతారా? ప్రభువు మనలను బలపరచును గాక. ఆమేన్.