కాడ్వెల్ పార్క్‌లో పాత బైకుల రేసులు

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో 1934 నుంచి బైకు రేసులు జరుగుతున్న సర్క్యూట్ కాడ్వెల్ పార్క్. పాత బైకుల క్లబ్బుల వారాంతం అక్కడ తనిఖీతో మొదలవుతుంది. ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గు ఊడకుండా సన్నటి తీగతో కట్టారో లేదో చూస్తారు. ట్రాక్ మీద నూనె పడితే వెనకొచ్చేవాళ్లు జారిపడతారు.

మ్యాంక్స్ నార్టన్ లాంటి 500 సీసీ సింగిల్ సిలిండర్ బండికి కిక్కు ఉండదు. గేరులో వేసి, క్లచ్ పట్టి, పరుగెత్తుతూ తోసి, సీటు మీదకి ఒరుగుతూ క్లచ్ వదిలితే ఇంజను అందుకుంటుంది. వెంటనే కాలిన ఆముదం వాసన. పాలమూరు చెలకల్లో పండే ఆ గింజ నూనే పాతకాలపు రేసింగ్ ఆయిల్‌కి ఆధారం. ఇంజను బాగా వేడెక్కినా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది.

చూసి తీరాల్సిన చోటు 'మౌంటెన్' అనే మిట్ట. అక్కడ బండి ముందు చక్రం గాల్లోకి లేస్తుంది.

విడిభాగాలు సులువుగా దొరకవు కాబట్టి, ఇంజనుకు నిప్పురవ్వ అందించే మ్యాగ్నెటో చెడితే పక్క వ్యానులోని పోటీదారులే తమది ఇస్తారు. బిగించుకుని వాళ్లతోనే పోటీకి దిగడం ఈ క్లబ్బుల్లో మామూలే.