ఐదున్నర పౌన్ల గోల

తుపాకీతో మనలో చాలామందికి ఉన్న పరిచయం, బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలేసుకుని కునికిపాట్లు పడే గార్డు భుజాన వేలాడే డబుల్ బ్యారెల్‌తో మొదలై అక్కడే ఆగిపోతుంది. మిగతాదంతా సీమ ఫ్యాక్షన్ సినిమాల పుణ్యం. ట్రిగ్గర్ అంటే కాలింగ్ బెల్ లాంటిది. నొక్కితే పేలుతుంది, నొక్కకపోతే పేలదు. అంతకుమించి ఆలోచించాల్సిన అవసరం మనకెప్పుడూ రాలేదు.

డాలస్ వచ్చాక నాకు ఆ అవసరం వచ్చింది. ఇక్కడ మా కాలేజీ సీనియర్ ఒకాయన ఉన్నాడు, నాకు సొంత అన్న లెక్క. పోయినేడాది గ్రీన్ కార్డు చేతికొచ్చింది. ఎవరైనా అయితే ఇల్లు కొంటారు, లేదా తిరుపతి వెళ్ళి గుండు కొట్టించుకొస్తారు. ఈయన గ్లాక్ పిస్టల్ కొన్నాడు. (నాలాగా హెచ్1బీ మీదున్నవాళ్ళు, వేట లైసెన్సు లాంటి మినహాయింపేదీ లేకుండా తుపాకీ చేతపట్టడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి రేంజికి తోడెళ్ళినా నా పని అద్దానికి ఇవతల కూర్చుని కాఫీ తాగడం వరకే.)

నాలుగు నెలలు తిరక్కుండానే ఆయనకి ఆ ట్రిగ్గర్ మీద మొహం మొత్తింది. "గట్టిగా ఉందిరా, ఇసకలో వేలు పెట్టి ఈడ్చినట్టుంది" అంటాడు. కంపెనీవాడు ఇచ్చేది సుమారు 5.5 పౌన్లు, అంటే రెండున్నర కేజీల ఉల్లిపాయల సంచిని ఒక్క వేలితో లాగినట్టు. దాన్ని సగానికి దించుతామనే కిట్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాడు. "ఏముందిరా, నాలుగు స్ప్రింగులు, ఒక రేకుముక్క. పది నిమిషాల పని" అన్నాడు. ఆయనకి నాలుగేళ్ళ పాప ఉంది. పిస్టల్ ఉండేదేమో గుళ్ళు నింపి, క్లోజెట్ పై అరలో, వదిన చీరల వెనక. అందుకే నేను ఇందులో తలదూర్చాను. లేకపోతే నాకెందుకు.

గ్లాక్‌కి మామూలుగా బయట సేఫ్టీ బటన్ ఉండదు. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17 నుంచీ ఇదే పద్ధతి. ఉన్న మూడు సేఫ్టీలూ ట్రిగ్గర్‌తోనే ముడిపడి ఉంటాయి. ట్రిగ్గర్ మధ్యలో నాలుకలాంటి చిన్న మీట ఒకటి. దాన్ని నొక్కితే తప్ప ట్రిగ్గర్ వెనక్కి రాదు. లోపల ఫైరింగ్ పిన్నుకి అడ్డంగా ఒక ఉక్కు బిళ్ళ ఉంటుంది. ట్రిగ్గర్ లాగినప్పుడు ట్రిగ్గర్ బార్ అనే రేకు వెళ్ళి ఆ బిళ్ళని పైకి నెట్టి దారి ఇస్తుంది. అదే రేకు వెనక కొస ఒక గట్టుమీద ఆని ఉంటుంది. తగినంత వెనక్కి జరిగేదాకా అది కిందికి దిగి పిన్నుని వదలలేదు. చెయ్యిజారి పడినా పేలకూడదని ఇంత ఏర్పాటు.

ఇప్పుడు ఆ రేకుని చూడండి. పిన్నుని లాగేది అదే, అడ్డు తొలగించేది అదే, ఆఖర్న వదిలేదీ అదే. మన భాషలో చెప్పాలంటే ఒకే ఫంక్షన్, దాని సైడ్ ఎఫెక్టుల మీద మూడు మాడ్యూళ్ళు బతుకుతున్నాయి. అలాంటి దాన్ని "కాస్త స్లోగా ఉంది" అని ఎవడో తిరగరాస్తే ఏమవుతుందో, ప్రొడక్షన్ సపోర్టులో తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ట్రిగ్గర్ మొదట్లో ఖాళీగా కదిలే దూరం దండగ అనిపించి తగ్గించారనుకోండి, రేకు ముందే కొంత దూరం జరిగి కూర్చున్నట్టు. బిళ్ళ అప్పటికే కాస్త లేచి ఉండొచ్చు, గట్టుమీద ఆనిక తగ్గిపోవచ్చు. స్ప్రింగు మెత్తబడితే బిళ్ళ మళ్ళీ తన చోటుకి సరిగ్గా దిగకపోవచ్చు. అసలు చిక్కేంటంటే, ఇవేవీ రేంజిలో తెలీవు. వెయ్యి గుళ్ళు కాల్చినా అన్నీ బుద్ధిగా పేలతాయి. సేఫ్టీ పోయిన సంగతి బయటపడేది పేలకూడనిది పేలినప్పుడే.

ఇది కొత్త జబ్బేం కాదు. కోల్ట్ కంపెనీ 1983లో తన పాత 1911 మోడల్‌కి ట్రిగ్గర్ లాగితేనే తొలగే ఇలాంటి అడ్డుని చేర్చింది. దాంతో ట్రిగ్గర్ బరువెక్కిందని ఆ ముక్కల్ని పీకేసేవాళ్ళూ తయారయ్యారు.

"అన్నా, కిట్ సంగతి వదిలెయ్, కంపెనీవాళ్ళకే కుదరని రోజులున్నాయి" అని సిగ్ సావర్ పీ320 కథ చెప్పాను. మా ఊరితో సంబంధమున్న కథే. 2017 జనవరిలో అమెరికా ఆర్మీ తన కొత్త పిస్టల్‌గా ఎంచుకున్నది దాన్నే. అదే ఏడాది ఆగస్టులో డాలస్ పోలీసులు దాన్ని వాడకం నుంచి ఆపేశారు. ఒక కోణంలో, వెనక వైపు నేలకి తగిలేలా పడితే అది పేలుతోందని పరీక్షల్లో తేలింది. కారణం మన తొమ్మిదో తరగతి ఫిజిక్సే. సిటీ బస్సు డ్రైవరు సడన్ బ్రేకేస్తే నిలబడ్డవాళ్ళంతా ముందుకి తూలినట్టు, పిస్టల్ నేలకి కొట్టుకుని ఆగిపోతుంది కానీ లోపలి ట్రిగ్గర్ ఆగదు. దాని సొంత బరువుకి అది వెనక్కి వెళుతుంది, అంటే తనని తానే లాగేసుకుంటుంది. లోపల అడ్డు ఉంది కదా అంటారేమో. ఆ అడ్డుని తొలగించేదీ ట్రిగ్గరే కాబట్టి అదీ తొలగిపోతుంది. తాళంచెవి తాళానికే తగిలించి ఊరెళ్ళినట్టన్నమాట.

ఇందులో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది వేరే ముక్క. పెంటగాన్ పరీక్షల విభాగం నివేదిక ప్రకారం ఈ లోపం ఆర్మీ పరీక్షల్లోనే కనపడింది, ట్రిగ్గర్ భాగాల్ని తేలిక చేసి సరిదిద్దారు కూడా. మామూలు జనానికి అమ్మేదానికి ఆ సవరణ అందింది మాత్రం 2017 ఆగస్టులో, గొడవయ్యాకే. (కింద పడకుండానే పేలుతోందన్న కేసులు ఆ తర్వాత కోర్టులకెక్కాయి. కంపెనీ ఒప్పుకోదు. ఆ గొడవ వేరు.)

ఇది విని మా అన్న ఎగిరి గంతేశాడు. "చూశావా, వాళ్ళూ తేలిక చేసే బాగుచేశారు!" అని :) ఇక్కడే మన మాట మనల్ని మోసం చేస్తుంది. సిగ్ తగ్గించింది ట్రిగ్గర్ తూకాన్ని. ఈయన తగ్గిస్తానంటున్నది లాగడానికి పట్టే బలాన్ని. రెండింటినీ "తేలిక" అనే అంటాం కానీ, మొదటిది పడినప్పుడు కాపాడుతుంది, రెండోది ఉన్న కాపలాని కాస్త పలచన చేస్తుంది.

ఆయన వైపూ న్యాయం లేకపోలేదు. న్యూయార్క్ పోలీసులు పొరపాటున పేలకూడదని 12 పౌన్ల దాకా బరువైన ట్రిగ్గర్లు పెట్టించుకున్నారు. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ముందు ఒక హంతకుడి మీద ఇద్దరు పోలీసులు 16 గుళ్ళు కాలిస్తే, దారినపోయే 9 మంది గాయపడ్డారు, అందరూ పోలీసు గుళ్ళ వల్లే. తప్పంతా ట్రిగ్గర్‌దని అనలేం కానీ, అంత గట్టిగా లాగితే గురి చెదురుతుందన్నది నిజం. పోటీల్లో కాల్చేవాళ్ళు తేలిక ట్రిగ్గర్ పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఆ పిస్టల్ పెట్టెలోంచి రేంజికి, రేంజినుంచి పెట్టెలోకి. చీరల వెనక గుళ్ళు నింపుకుని కూర్చోదు.

చివరికి ఒకటే అడిగాను. కాలిఫోర్నియాలో అమ్మకానికి ఒప్పుకోవాలంటే పిస్టల్‌ని మీటరుకి ఒక సెంటీమీటరు పైనుంచి కాంక్రీటు మీద ఆరు రకాలుగా పడేసి చూస్తారు. "నీ క్లోజెట్ అర రెండు మీటర్లుంది. పాప ఒక చీర కొంగు లాగితే చాలు. ఈ కిట్ వేశాక నీ పిస్టల్‌ని ఎవరు పడేసి చూశారన్నా?" ఆయన మాట్లాడలేదు. వంటింట్లోంచి వదిన వచ్చి, "అసలది చీరల వెనకుందా?" అంది. ఆ తర్వాతి సంభాషణ ఇక్కడ రాయను.

కిట్ వాపసు వెళ్ళలేదు, ప్యాకెట్ విప్పలేదు. నంబర్ల తాళమున్న ఇనప పెట్టె ఒకటి వచ్చింది, గోడకి బోల్టులేసి బిగించాం. కిట్ కోసం రేంజికి మాత్రమే వాడుకునేలా ఇంకో పిస్టల్ కొంటాడట. వదినకి ఇంకా చెప్పలేదు.