దియోదర్ చేలల్లో ఉల్కల వేట

పాలన్‌పుర్‌లో రైలు దిగి బస్సెక్కాం. దారి పొడవునా ఆముదం చేలు, సజ్జ చేలు. 2022 ఆగస్టు 17 సాయంత్రం గుజరాత్‌లోని ఈ బనాస్‌కాంఠా జిల్లా దియోదర్ తాలూకాలో ఉరుములాంటి మోత వినిపించి, పైనుంచి రాళ్లు పడ్డాయి. రావెల్ అనే ఊళ్లో ఒకటి వసారాలో పడి నేల పలకలు పగలగొట్టింది. రంటీలాలో ఇంకొకటి వేపకొమ్మకు తగిలి చెల్లాచెదురైంది. మిగతా ముక్కలేమైనా దొరుకుతాయేమోనని మేం బయల్దేరాం.

మామూలుగా ఈ వేటకు కర్ర చివర అయస్కాంతం కట్టుకుని నల్లటి రాళ్ల కోసం వెతుకుతారు. ఉల్కల్లో చాలావాటిలో ఇనుము, నికెల్ ఉంటాయి మరి. "గురూ, ఇక్కడ అయస్కాంతాన్ని నమ్ముకోకు. దొరికిన ముక్కలు లోపల తెల్లగా ఉన్నాయట" అన్నాడు భూగర్భశాస్త్రం చదివిన మా మిత్రుడు. వాడి అనుమానం నిజమే. అది ఆబ్రైట్ అనే అరుదైన జాతి అని తర్వాత అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనశాల శాస్త్రవేత్తలు తేల్చారు. మన దేశంలో అలాంటిది అంతకుముందు పడింది 1852లో, ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో. ఇనుము దాదాపు లేని ఖనిజంతో నిండిన ఈ రాళ్లు బుధగ్రహం సంగతులు కూడా చెప్పగలవట.

ఇసుక నేల కాబట్టి రాయన్నది కనిపిస్తే అనుమానించాల్సిందే. అది మాకు కలిసొచ్చింది. కలిసిరానిది ఆముదం. గొడుగుల్లాంటి ఆకుల్ని ఒక చేత్తో పక్కకు తప్పిస్తూ, బారుగా నిలబడి మడి తర్వాత మడి నడిచాం. దొరికినవన్నీ ఇటుక పెళ్లలు, సున్నపు గడ్డలు. పైగా వానాకాలం. ఈ జాతి రాళ్లలో ఉండే కాల్షియం సల్ఫైడ్ నీరు తగిలితే నిలవదు. మబ్బు పట్టినప్పుడల్లా మావాడి మొహం చూడాలి!

చేను గట్టు మీద కూర్చున్న కాకా ఒకాయన హిందీలో అడిగాడు: "ఆ రాయి గడ్డిలో కలిస్తే గేదెలకేమన్నా అవుతుందా?" ఏమీ కాదన్నాం. అప్పుడు గానీ ఆయన తన చేలోకి మమ్మల్ని అడుగు పెట్టనివ్వలేదు. నాకైతే ఆ ప్రశ్నే సబబుగా తోచింది. మా వేట మాది, ఆయన పాడి ఆయనది.

ముక్క మాత్రం దొరకలేదు. టీ కొట్టు గోడకు ఒక కాగితం అంటించి వచ్చాం: రాయి కనిపిస్తే ముందు ఫొటో తీయండి, ఉత్త చేత్తో ముట్టుకోకండి, కడగకండి, అల్యూమినియం రేకులో చుట్టి పెట్టండి. కొట్టాయన చదివి, పక్క ఊళ్లో బావమరిదికివ్వాలని ఇంకొకటి అడిగి తీసుకున్నాడు.