బుసకొట్టిన బండి

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లేసరికి మా పికప్ వ్యాను బుసకొడుతోంది. టమాటా లోడుతో మిట్ట ఎక్కితే చాలు – స్స్ మని శబ్దం, నల్లపొగ, లాగుడు లేదు. మెకానిక్ విని "టర్బో పోయింది" అన్నాడు. మెకానికల్ మూడో ఏడాది వెలగబెడుతున్న నేనూ తలూపాను. ఊపకపోతే పరువేం కాను! ఆ ఖర్చంటే నా ఫీజు డబ్బే మరి.

నాన్న ఒప్పుకోలేదు. "ఇది గాలి కారే చప్పుడురా" అంటూ సబ్బునురుగు తెచ్చాడు. నన్ను యాక్సిలరేటర్ తొక్కమని, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు గొట్టానికి పూశాడు. క్లిప్పు పక్కన, అడుగువైపు, బుడగలు లేచాయి. గొట్టం చీలింది! గాలి దారిలోనే పోతే డీజిలు పూర్తిగా మండదు. అందుకే ఆ పొగ. నా నోట్సులో ఉన్న ముక్కే.

కొత్త గొట్టం, రెండు క్లిప్పులు, అంతే. మర్నాడు తెల్లవారుజామున మదనపల్లె మార్కెట్టుకు లోడు బయలుదేరింది. మిట్ట దగ్గర నేను చెవులు రిక్కించాను.

"ఇంకేం వింటావులేరా, పడుకో" అన్నాడు నాన్న.