మలక్‌పేట గుర్రాలు - జక్రాన్‌పల్లి పసుపు

నలోపాఖ్యానం పాఠం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు ఋతుపర్ణుడి రథం తోలడం, ఆ వేగానికి రాజుగారి ఉత్తరీయం జారిపోవడం, "ఆపు" అనేలోగానే అది ఆమడ దూరం వెనకబడిపోవడం - ఈ ఘట్టం నేను చెబుతుంటే వెనక బెంచీవాళ్ళు కూడా నిద్ర లేస్తారని కాలేజీలో నాకో పేరుంది. అలాంటి నన్ను మా బావమరిది ఒకనాడు భోజనాల దగ్గర సూటిగా అడిగాడు:

"బావా, గన్ని గుర్రాల ముచ్చట్లు చెప్తవు. ఒక్కసారన్న గుర్రం ఉరుకంగ చూసినవా?"

పెళ్ళి ఊరేగింపులో గుర్రం నడవడం చూశాను గాని, పరుగెత్తడం చూడలేదు. ఆ మాటే ఒప్పుకున్నాను.

మాది జక్రాన్‌పల్లి. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరుకు చేరువగా, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. పసుపు పండే నేల. మా బావమరిది పసుపు రైతు. అతని కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆగస్టు నెలలో ఒక సోమవారంనాడు వాడి ఫీజు, హాస్టలు డబ్బు కట్టాల్సి వచ్చింది. ఆదివారం ముందుగా వెళ్ళి, మలక్‌పేటలో గుర్రప్పందాలు చూసి, మర్నాడు డబ్బు కట్టి వద్దామన్నాడు. సరేనన్నాను.

మా ఆవిడకు తమ్ముడంటే ప్రాణమే గాని, నమ్మకం మాత్రం నా మీద. "వాడు గుర్రాలను చూస్తే ఆగడు. పైసలు మీ దగ్గర్నే ఉంచుకోండ్రి. మీకైతే గసువంటి బుద్ధులు లేవు" అని నోట్ల కవరు నా చొక్కా లోపలి జేబులో పెట్టి, పిన్నీసు కూడా గుచ్చింది. పోయిన వారం పసుపమ్మి తెచ్చి, పసుపు సంచుల గదిలోనే పెట్టెలో దాచిన డబ్బు అది. కవరంతా పసుపు వాసన!

జూబ్లీ బస్‌స్టేషనులో దిగి మెట్రో ఎక్కాం. ఎం.జి.బి.ఎస్.లో రైలు మారితే ఆ తరువాతి స్టేషనే మలక్‌పేట. హైదరాబాదు గుర్రప్పందాలకు పుట్టిల్లు నిజానికి మౌలాలీ. 1868లో అక్కడ మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో వాటిని మలక్‌పేటకు, తన మహబూబ్ మాన్షన్ దగ్గరికి మార్పించాడు. ఇప్పటి హైదరాబాద్ రేస్ క్లబ్బు 1961లో ఏర్పడింది. ఈ చరిత్రంతా నేను చెబుతుంటే మా బావమరిది మధ్యలో అందుకున్నాడు.

"మహబూబ్ మాన్షనా? గది ఉల్లిగడ్డల మార్కెట్టు గాదు బావా! అంటే రాజు ఆడిన జాగ పక్కనే ఇప్పుడు రైతు ఆడుతున్నడన్నట్టు."

లోపలికి వెళ్ళేటప్పటికి పచ్చిక మీద వానచుక్కలు మెరుస్తున్నాయి. నేను ఊహించినట్టు అక్కడ జమీందార్లూ లేరు, సినిమాల్లోని దుష్టులూ లేరు. కళ్ళజోళ్ళ పెద్దలు, ఆటో నడిపేవారు, పింఛనుదార్లు. ప్రతివాడి చేతిలో ఒక రేసు పుస్తకం, చెవిలో ఒక పెన్సిలు. పరీక్షకు ముందు మా విద్యార్థులు పుస్తకాన్ని అంత శ్రద్ధగా చూస్తే నా జీవితం ధన్యమయ్యేది!

పందేనికి ముందు గుర్రాలను తిప్పి చూపే చోటును పాడాక్ అంటారు. అక్కడ నిలబడి ఆ జంతువులను చూశాక, మనవాళ్ళు సూర్యుడి రథానికి గుర్రాలనే ఎందుకు కట్టారో అర్థమయింది. చర్మం కింద కండ అలలాగా కదులుతుంది. ఈ జాతిలో ప్రతి గుర్రానికీ వంశవృక్షం రాసిపెట్టి ఉంటుంది. పదిహేడో శతాబ్దం చివరినుంచి పద్ధెనిమిదో శతాబ్దం మధ్యలోగా ఇంగ్లండుకు తూర్పుదేశాలనుంచి వచ్చిన మూడు మగ గుర్రాల దగ్గరికే అన్నిటి పితృవంశమూ చేరుతుంది. అంటే లోకంలో ఉన్న ఇన్ని వేల రేసు గుర్రాలకూ మూడే గోత్రాలు. మన దేశంలో వీటన్నిటి వయస్సూ జనవరి 1 నుంచే లెక్క, ఏ నెలలో పుట్టినా సరే. చిన్నప్పుడు మన బళ్ళో పంతులుగారు పిల్లలందరికీ ఒకే పుట్టినరోజు వేసినట్టు!

బాగా గెలిచే గుర్రానికి ఎక్కువ బరువు, వెనకబడేదానికి తక్కువ బరువు ఇచ్చి సమానం చేసే పందేలుంటాయి. జాకీ బరువు చాలకపోతే జీను దగ్గర సీసపు బిళ్ళలు చేరుస్తారు. ఇది వినగానే మా బావమరిది నవ్వాడు. "మంచిగ ఉరికేదాని మీదనే బరువా? ఇంట్ల పెద్దకొడుకు లెక్కనే గద బావా."

ఇక పందెం కాసే పద్ధతి. బుకీలు తమ దరలు పలకల మీద చూపి స్వయంగా పందెం తీసుకుంటారు. టోట్ వ్యవహారం వేరు. అందరి డబ్బూ ఒక రాశి పోసి, క్లబ్బు వాటా, సర్కారు పన్ను తీసేసి, మిగిలింది గెలిచినవాళ్ళకు పంచుతారు. ఈ పద్ధతి 1860ల్లో పారిస్‌లో పుట్టింది. ఆ లెక్కలు దానంతటదే వేసే పెద్ద యంత్రాన్ని జార్జి జూలియస్ అనే ఇంజనీరు తయారుచేయగా, 1913లో న్యూజిలాండులోని ఆక్లండులో మొదటిసారి వాడారు. టోట్‌లో మనం పోరాడేది క్లబ్బుతో కాదు, పక్కన నిలబడ్డవాడితో. అతని నష్టమే మన లాభం.

మొదటి పందెం 1200 మీటర్లు. బారికి పదిమంది ఉన్నారు. తలుపులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. మొదట ఏమీ వినపడదు, దూరాన రంగురంగుల చుక్కలు కదులుతాయంతే. మలుపు తిరిగాక నేల అదరడం మొదలవుతుంది. ఆ అదురు కాళ్ళలోంచి గుండెకెక్కుతుంది. జనం లేచి అరుస్తారు. ఎప్పుడు లేచానో, నేనూ అరుస్తున్నాను! నిమిషంపావులో అంతా అయిపోయింది.

"గీ పదేనా?" అన్నాడు మా బావమరిది. "2019ల మన నిజామాబాదు ఎంపీ పందెంల 185 మంది ఉరికిండ్రు." నిజమే. అందులో 178 మంది రైతులే. పసుపు బోర్డు కోసం, ధర కోసం నామినేషన్లు వేసినవాళ్ళు. ఆ బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రంగా ఏర్పడింది.

రెండో పందేనికి అతను పాడాక్‌లో ఎద్దును చూసినట్టు చూసి, నాలుగో నంబరు మీద నూరు రూపాయలు కాశాడు. ఆ గుర్రం గెలిచింది. వచ్చిన డబ్బు లెక్కపెట్టుకొని, మిర్చిబజ్జీలు కొని, హాయిగా కూర్చున్నాడు. మళ్ళీ కౌంటరు మొహం చూస్తే ఒట్టు!

నా సంగతి వేరు. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆటే గాని ఉత్త జూదం కాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నైపుణ్యమే కావలసివస్తే ఎం.ఏ. చదివినవాణ్ణి, నాకు లేకపోతే ఎవరికుంటుంది? రేసు పుస్తకం కొని బరువులూ దూరాలూ గీతలు గీసి లెక్కలు కట్టాను. మూడో పందెం పోయింది. నాలుగోది వెంట్రుకవాసిలో పోయింది. ఐదోదీ పోయింది. నా సొంత డబ్బులో బస్సు ఖర్చు తప్ప మిగల్లేదు.

ఆరో పందేనికి నా లెక్క తప్పే అవకాశం లేదనిపించింది. ఏడో నంబరు! పాఠకులు నన్ను క్షమించాలి. నా చెయ్యి పిన్నీసు విప్పుతున్నట్టు నాకు క్యూలో నిలబడ్డాకగాని తెలియలేదు. పోయినది తిరిగి వస్తుంది, కవరులో డబ్బు కవరులో పెట్టేస్తాను, ఎవరికి తెలుస్తుంది? సరిగ్గా పుష్కరుడితో ఆడేటప్పుడు నలుడు అనుకొని ఉండే మాటలివే.

నోట్లు బయటికి తీశాను. గుప్పున పసుపు వాసన. వేళ్ళకు పచ్చగా అంటుకుంది. జూన్‌లో విత్తి, తొమ్మిది నెలలు కాపాడి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, మార్కెట్టులో ధర పలికేదాకా గుండె చేతపట్టుకొని కూర్చుంటే వచ్చిన డబ్బు! నిమిషంపావులో తేల్చేద్దామని నేను నిలబడ్డాను.

"ఎన్నో నంబరు సార్?" అన్నాడు కౌంటరులోని అబ్బాయి.

నోరు పెగల్లేదు. పక్కకు తప్పుకున్నాను. మెట్ల మీదికి వచ్చేసరికి పందెం మొదలైంది. ఏడో నంబరే గెలిచింది!

ఆ రాత్రి బస చేసిన చోట నిద్ర పట్టలేదు. దీపమార్పాక మా బావమరిదితో అంతా చెప్పేశాను. అతను ఆశ్చర్యపోలేదు.

"చూసిన బావా. నీ వేళ్ళు పచ్చగున్నయి."

"మరి ఎందుకు ఆపలేదు?"

"పెద్దోనివి, ఎట్ల ఆపాలె? ఇంకో అడుగు ముంగటికేస్తే వద్దామనే లేచిన. గప్పటికే నువ్వు మర్లినవు."

"కాని ఆ గుర్రం గెలిచిందయ్యా!" అన్నాను. నా బాధ ఇంకా తీరలేదు.

"గందుకే మంచిగైంది కాయకపోవుడు. ఓడితే ఒక్క ఫీజు పోతుండె. గెలిస్తే వచ్చే ఆదివారం గూడ వస్తుంటివి" అని అటు తిరిగి పడుకున్నాడు.

నలుడికి అశ్వహృదయం తెలుసు, ఋతుపర్ణుడికి అక్షహృదయం తెలుసు. ఋతుపర్ణుడి విద్య నలుడికి అందాకే అతనిలోంచి కలి వెళ్ళిపోయాడని కథ. గుర్రాన్ని చూడడమూ, ఎక్కడ ఆగాలో ఎరగడమూ రెండూ తెలిసిన రైతు నా పక్కనే గురకపెడుతుంటే, పాఠం చెప్పే నాకు రెండూ రావని ఆ రాత్రి తేలింది.

మర్నాడు ఫీజు కట్టి ఊరు చేరాం. "పైసలన్నీ సరిపోయినయా?" అంది మా ఆవిడ. సరిపోయాయన్నాను. "మావాడేమన్న ఆడిండా?" అంది. "నూరు రూపాయలు ఆడి గెలిచాడు" అన్నాను. "చూసిండ్రా, నేను చెప్పలే!" అంది.

మిగతా సంగతి ఆవిడకు ఈ పత్రిక చదివాకే తెలియాలి.