పండగకో కొత్త బ్రష్షు

కదిరి వైపు ఓ పల్లె. పెరటి గోడకు మేకు. మేకుకు ఓ ప్లాస్టిక్ గ్లాసు. గ్లాసులో మూడు టూత్‌బ్రష్షులు. రెండు కొత్తవే. మూడోదాని రంగేమిటో చెప్పడం కష్టం. కుచ్చు నాలుగు పక్కలకూ విచ్చుకుపోయి, అరిగిన చీపురులా ఉంది.

"అమ్మా, ఇది ఎప్పుడు కొన్నావు?" అడిగింది ఎనిమిదో తరగతి చదివే కూతురు.

తల్లి కాసేపు ఆలోచించింది. "తమ్మున్ని అంగన్‌వాడీకి పంపిన కొత్తల్లో అనుకుంటా..."

అంటే రెండేళ్లు! ఆ ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లలో ఇదే లెక్క. బ్రష్షు విరిగితేనో, పోతేనో కొత్తది కొంటారు. పైగా మన ఇళ్లల్లో టూత్‌బ్రష్షుకు చావు లేదు. పళ్లు తోమడం మానేశాక దువ్వెన సందుల్లో మురికి తీస్తుంది. గ్యాసు పొయ్యి తోముతుంది. జుట్టుకు రంగేస్తుంది. సైకిలు చైనుకు నూనె పూస్తుంది. కుచ్చంతా రాలిపోయాక కూడా లంగాకు బొందు ఎక్కించడానికి కాడ పనికొస్తుంది. అలాంటి వస్తువును మూడు నెలలకే మార్చమంటే ఏ ఇల్లాలికి మనసొప్పుతుంది?

కానీ అదే గ్లాసులో కూతురి బ్రష్షు మాత్రం నెలకొకటి మారుతోంది. తనకు రెండేళ్లయినా కొనుక్కోని ఆ తల్లి, కూతురికి నెల నెలా కొంటోంది. దానికో కారణం ఉంది.

పాప పళ్ల మీద మరకలు. ముందు సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలు. తర్వాత పసుపు. ఇప్పుడు ముందు పళ్ల మధ్య ఇటుక రంగు. బళ్లో గ్రూపు ఫొటో తీస్తే పెదాలు బిగించి నిలబడింది. నవ్వొస్తే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వస్తుంది. 'సరిగ్గా తోముకోదు' అన్నారు చుట్టాలు. 'రేపు పెళ్లిచూపులకు ఎవరైనా వస్తే...' అని కూడా అన్నారు. ఆ మాట తల్లికి గుచ్చుకుంది.

బెంగళూరులో బిల్డింగు పనికి పోయిన తండ్రి వచ్చేటప్పుడల్లా గట్టి కుచ్చున్న బ్రష్షు తెచ్చేవాడు. ఉప్పుతో తోమారు. బొగ్గుపొడితో తోమారు. నిమ్మకాయ రుద్దారు. చిగుళ్ల నుంచి రక్తమొచ్చింది గానీ మరక కదల్లేదు.

రోజుకో కొత్త పుల్ల

ఇదంతా చూసి జేజి నవ్వేది. డెబ్బై దాటినా ఆమె పళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. చెరుకు గడ ఇస్తే ఇప్పటికీ నమిలేస్తుంది.

"మాకు యాడివమ్మా ఈ కుచ్చులు? తెల్లారితే ఓ యాపపుల్ల. కాదంటే కానుగపుల్ల. అందుకే పండ్లు ఇట్లుండాయి" అనేది.

జేజి మాటలో ఓ నిజముంది. వేపపుల్లతో తోముకునే వాళ్లు రోజూ కొత్త బ్రష్షు వాడినట్టే. కొన నమిలి కుచ్చు చేసుకోవడం, తోముకోవడం, పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకోవడం, పారేయడం... అంతే. నిన్నటి పుల్లను దాచుకుని ఇవాళ వాడినవాళ్లు ఎవరూ లేరు. తర్వాత పళ్లపొడులు వచ్చాయి. వాటికి వేలే బ్రష్షు. నైలాను కుచ్చు బ్రష్షు ప్రపంచానికి 1938లో పరిచయమైంది. అంతకు ముందు బ్రష్షులకు పంది వెంట్రుకలు వాడేవారు. నైలాను వచ్చాక బ్రష్షు చవకైంది. మన పల్లెలకూ చేరింది. బ్రష్షు వచ్చింది గానీ, వాడి పారేసే అలవాటు మాత్రం వేపపుల్లతోనే పోయింది.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

ఓ రోజు బళ్లో దంతవైద్య శిబిరం పెట్టారు. తల్లి కూడా వెళ్లింది. డాక్టరమ్మ పాప నోరు చూసింది. తోమడం గురించి ఒక్క మాటా అడగలేదు.

"ఈ పాప చిన్నప్పటి నుంచీ ఏ నీళ్లు తాగుతోందమ్మా?"

"మా ఊరి బోరు నీళ్లే మేడం."

"ఇది మురికి కాదు. ఫ్లోరైడు. ఎంత తోమినా పోదు."

అప్పటిదాకా తప్పంతా బ్రష్షుదో, పాపదో అనుకున్న తల్లికి నోట మాట రాలేదు. "మరి మా అత్త పండ్లు తెల్లగా ఉండాయే? యాపపుల్ల వల్ల కాదా?" అంది తేరుకుని.

"ఆమె చిన్నప్పుడు ఏ నీళ్లు తాగిందో అడగండి."

ఇంటికొచ్చి అడిగితే జేజి చెప్పింది. ఊరి బయట దిగుడుబావి ఉండేదట. మెట్లు దిగి కడవ ముంచుకునేవారట. వానలు సరిగ్గా పడక ఆ బావి ఎండిపోయింది. తర్వాత బోర్లొచ్చాయి. మొదట నూరడుగులకే నీళ్లు పడేవి. ఇప్పుడు ఆరేడు వందల అడుగులు దిగాల్సి వస్తోంది.

అనంతపురం కథంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం కూడా సరిగ్గా పడని నేల ఇది. కింద గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంటుంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి అది కొద్దికొద్దిగా దిగుతుంది. పైపైన ఊరే వాన నీళ్ల బావికీ, లోతైన బోరుకూ తేడా చాలాచోట్ల ఇక్కడే వస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఫ్లోరైడు ఉండాలన్నది మన దేశ ప్రమాణం. వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదు. అది దాటితే మొదట దెబ్బ తినేది పిల్లల పళ్లే. ఇంకా ఎక్కువై ఏళ్ల తరబడి సాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి.

ఈ జబ్బు మన తెలుగు నేలకు కొత్తది కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వైద్య పత్రికలో నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. నల్గొండ పేరయితే ఫ్లోరైడుకు మారుపేరే అయింది. పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని ప్రపంచమంతా పిలుస్తోంది. అనంతపురంలో 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం వందల గ్రామాలకు పైపుల్లో నీళ్లు తెచ్చింది. ఆ పథకానికి గుర్తుగా 1999లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. 2022లో జిల్లా రెండుగా చీలింది. కదిరి ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. పైపు నీళ్లు అందని రోజున ఏ ఊరైనా మళ్లీ బోరు దగ్గరికే రావాలి.

పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే ఈ మరక పడుతుంది. అంటే దాదాపు ఎనిమిదేళ్ల వయసు లోపు. పన్ను బయటికొచ్చాక బ్రష్షు చేయగలిగింది ఏమీ లేదు. పైగా గట్టి కుచ్చుతో రుద్దితే పన్ను పైపొర అరుగుతుంది, చిగుళ్లు కిందికి జారతాయి.

"పాపకు పెద్దయ్యాక మరక తగ్గించే చికిత్సలున్నాయి. కంగారు పడొద్దు" అంది డాక్టరమ్మ. తర్వాత తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ ఐదేళ్ల పిల్లవాణ్ని చూసింది. "వీడి పళ్లు ఇంకా లోపల తయారవుతున్నాయి. ముందు వీడికి నీళ్లు మార్చండి."

మూడు నెలల లెక్క

ఆ ఇంట్లో ఇప్పుడు తాగడానికీ, వంటకూ శుద్ధి చేసిన నీళ్ల క్యాను వస్తోంది. మిగతా పనులకు బోరు నీళ్లే. కాచి చల్లార్చితే చాలు కదా అని మొదట అనుకుంది తల్లి. కానీ కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరై అది ఇంకాస్త చిక్కబడుతుంది. పిల్లవాడికి పాలు, రాగిసంగటి, ఆకుకూరలు తప్పనిసరి చేసింది. పేస్టు ప్రకటనల్లోలా కుచ్చంతా పరచదు. బఠాణీ గింజంత. అదీ మింగకుండా ఉమ్మేదాకా పక్కనే నిలబడుతుంది.

మరి బ్రష్షు? నెలకొకటి అక్కర్లేదు. రెండేళ్లకొకటీ పనికిరాదు. మూడు, నాలుగు నెలలకోసారి మార్చాలని దంతవైద్యులు చెబుతారు. అంతకు ముందే కుచ్చు విచ్చుకుంటే అప్పుడే మార్చాలి. వంగిపోయిన కుచ్చు పంటి సందుల్లోకీ, చిగురు అంచుకూ చేరదు. పాచి అక్కడే ఉండిపోతుంది. రెండు నెలలకే విచ్చుకుంటోందంటే తప్పు బ్రష్షుది కాదు, చేతిది. గట్టిగా రుద్దుతున్నట్టు లెక్క. మెత్తటి కుచ్చు మేలు. తోమాక కడిగి నిలబెట్టాలి, గాలి తగలాలి. ఒకరి బ్రష్షు ఇంకొకరు వాడకూడదు.

మూడు నెలలు గుర్తు పెట్టుకోవడం ఎలా? ఆ చిక్కు పాపే విప్పింది. క్యాలెండరు తీసి నాలుగు పండగలకు సున్నా చుట్టింది. సంక్రాంతి, ఉగాది, తొలి ఏకాదశి, దసరా. అటూ ఇటూగా మూడేసి నెలలు. పండగకు కొత్త బట్టలు ఉన్నా లేకపోయినా, కొత్త బ్రష్షు మాత్రం ఉండాలి.

దసరాకు ముందు రోజు పాప కిరాణా కొట్టుకు వెళ్లి మూడు మెత్తటి బ్రష్షులు తెచ్చింది. ఎర్రది తల్లి చేతికిచ్చింది.

"నాకెందుకే ఇప్పుడు? ఉంది కదా" అంది తల్లి.

"అది బొందుకు పనికొస్తుంది లేమ్మా" అంటూ పాత బ్రష్షును కుట్టు మిషను సొరుగులో పడేసింది. జేజి పకపకా నవ్వింది. పాప కూడా నవ్వింది. చెయ్యి నోటి దాకా వచ్చింది గానీ, ఈసారి కాస్త ఆలస్యంగా వచ్చింది.