తూత్తుకుడి నేలతంగేడు

తూత్తుకుడి పేరు చెప్పగానే ఉప్పుమడులూ, ముత్యాలూ, రేవులోని ఓడలూ జ్ఞాపకం వస్తాయి. ఆ రేవునుండి ఒక ఎండుటాకుకూడా విదేశాలకు పోతున్నదనీ, అది మన పెద్దవాళ్ళు విరేచనానికి వాడే నేలతంగేడేననీ చాలామంది ఎరుగరు. దీనినే సునాముఖి అనికూడా అంటారు. కోవిల్‌పట్టి ప్రాంతంలో మూడు తరాలుగా కాపురమున్న మేముకూడా మొన్నటి సంక్రాంతి సెలవులలోగాని ఆ పంటను తీరికగా చూడలేదు.

కోవిల్‌పట్టిలో బస్సెక్కితే దారిలో ఎట్టయాపురం తగులుతుంది. 1904లో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" మన తెలుగులో అచ్చయిన వూరది. అక్కడినుండి తూత్తుకుడి చేరి, తిరుచెందూరు వైపు సాగితే నల్లరేగడి వెనుకబడి ఎర్రనేల మొదలవుతుంది. అక్కడ ఒక రైతు పొలంలో నడుమెత్తుకు రాని మొక్కలు, వాటిపై పసుపుపచ్చని పూలు కనబడ్డాయి. పుట్టుకకు ఇది అరేబియా, ఆఫ్రికాల మొక్క. ఇంగ్లీషువారి కాలంలో ఈ సీమలో సేద్యానికి వచ్చింది. అందుకే ప్రపంచపు మందుల పుస్తకాలలో దీనిపేరు "తిన్నెవెల్లి సెన్నా".

పురటాసి, ఐప్పసి వానలకు విత్తితే రెండుమూడు నెలలలో మొదటి కోత వస్తుంది. ఆపైన మరి రెండు కోతలు. కోసిన ఆకును నీడలో పలుచగా పరచి, వారం పదిరోజులు ఆరబెడతారు. అలాగైతేనే పచ్చదనం నిలుస్తుంది. తరువాత గిడ్డంగిలో ఆడవాళ్ళు కూర్చుని పుల్లలనూ, నల్లబడిన ఆకునూ ఏరి, పెద్ద ఆకు, నడితరం ఆకు, చిన్న ముక్క అని వేరుచేస్తారు.

మేము చూచిన గిడ్డంగిలోని పెద్దాయన అరవం కలిసిన తెలుగులో, "ఆకు ఒకటేనమ్మా, ఒక్కొక్క దేశం ఒక్కొక్క ప్రశ్న అడుగుతుంది" అన్నాడు. దస్త్రాలతో బ్రతికే గుమాస్తాలం గనుక మాకా మాట బాగా పట్టింది.

ఆ ప్రశ్నలేమిటో చూడండి. యూరపువారి ఫార్మకోపియాలో చాలాకాలం వున్న నియమం ప్రకారం, ఈ ఆకులో మందు సారం నూటికి 2.5 పాళ్ళకు తగ్గరాదు. కాయకైతే తిన్నెవెల్లి రకానికి 2.2, అలెగ్జాండ్రియా రకానికి 3.4 అన్నారు. జపానువారి పుస్తకంలో ఆకుకు నూటికి 1 పాలు చాలు. ఇది విని జపానువారు ఉదాసీనులనుకోరాదు. వారు సెన్నొసైడు ఏ, బీ అనే రెండు సారాలనే లెక్కిస్తారు. యూరపువారు ఆ జాతి సారాలన్నిటినీ కలిపి లెక్కించారు. కొలత వేరైనపుడు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి హెచ్చుతగ్గులు చెప్పలేము. మరొక చిత్రం: జపానులో ఈ ఆకూ, కాయా మందు, కాండం మాత్రం ఆహారం! అమెరికాలో మాత్రలుగా చేసిన సారం మందుల చట్టం క్రిందికి వస్తుంది. అదే ఆకు తేనీరుపొడిగా అమ్మితే 1994 నాటి చట్టం ప్రకారం ఆహారానికి అనుబంధం. అమ్మకానికి ముందు ప్రభుత్వపు ఆమోదం అక్కరలేదు.

లోహాల సంగతి ఇంకా తమాషా. సీసం పదిలక్షల పాళ్ళలో మనదేశంలో 10 పాళ్ళవరకు, యూరపులో 5 పాళ్ళవరకు ఒప్పుతారు. కాడ్మియం విషయంలో తలక్రిందులు: యూరపులో 1, మనకు 0.3 మాత్రమే. కాబట్టి విదేశపు నియమమంతా కఠినం, మనదంతా సడలు అనుకోవడం సరికాదు.

ఇంతకూ మనల్ని కదిలించవలసిన సంగతి వేరే వుంది. విదేశాలకు పంపే మూలికల ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులకు లోహపరీక్ష తప్పనిసరి అని మన ప్రభుత్వం 2006 జనవరి 1 నుండి ఆజ్ఞ అమలుచేసింది. అంటే ఆ నిర్బంధం మొదట పరాయివాని నోటికోసం వచ్చింది! మన వీధి నాటుమందుల అంగడిలో పొట్లంకట్టి ఇచ్చే ఆకు వెంట ఏ కాగితమూ రాదు.

పేరులోకూడా ఒక చిక్కు వున్నది. తెలుగులో తంగేడు, నేలతంగేడు. అరవంలో ఆవారై, నిలావారై. రెండు భాషలవారూ ఒకే తీరుగా పేరు పెట్టారు. కాని బతుకమ్మకు పేర్చే తంగేడు వేరు, ఈ మందు వేరు. తంగేడాకులో ఆ విరేచన గుణం లేదు. పూర్వం దీనిని సెన్నాలో కలిపి కల్తీచేసేవారు. నూటికి 80 పాళ్ళ గంధకికామ్లం చుక్క వేస్తే తంగేడు పొడి ఎర్రబారి పట్టిస్తుంది. మన చేతిలో ఆ ఆమ్లం వుండదు, దుకాణదారుని మాటే ఆధారం.

మా ఇళ్ళలో ముసలివారికి "ఒక చిటికెడు" వేసి కాచి ఇవ్వడం వాడుక. ఆకు బలం తెలియనపుడు చిటికెడు అంటే ఎంత? పలుచనిదైతే పనిచేయదు, గాఢమైతే కడుపునొప్పి, నీరసం. యూరపు మందుల సంస్థ రోజుకు 30 మిల్లీగ్రాముల సారానికి మించరాదనీ, 12 ఏండ్లలోపు పిల్లలకు తగదనీ, ఒకటి రెండు వారాలకు మించి వాడవలసివస్తే వైద్యుని అడగాలనీ చెప్పింది. ఈ హెచ్చరిక మన గడపలోకీ రావలసినదే.

మన పొలంలో పండి, మన ఆడవాళ్ళు ఏరిన ఆకు ఇది. దూరదేశపు రోగికి దక్కే జాగ్రత్త మన ఇంటి అవ్వకు ఎందుకు దక్కకూడదు? పొట్లం కొనేటప్పుడు ఇది ఏ ఆకు, ఏ యేటి కోత, ఎవరు పరీక్షించారు అని అడగండి. జవాబు రాకపోతే, పేరూ తేదీ ముద్రించిన మందు వైద్యుని సలహాతో కొనండి. నలుగురూ అడగడం మొదలుపెడితే అంగడివాడుకూడా తనకు సరుకు పంపేవానిని అడుగుతాడు.